మౌనిబాబా మోకాలు

మార్చి 2, సోమవారం

నిన్న గెలిచాం. తమ్ముడు ఒక గోల్ కొట్టాడు. పొద్దున బస్సులో నిలబడే వాడి పోస్ట్ రాశాను. "ఈ గోల్ మీది. నేను కాలు మాత్రమే ఆడించాను." క్లినిక్ చేరేలోపే పదకొండు వేల లైకులు. ఆ వాక్యం తను రాశాడని వాడికింకా తెలియదు.

మూడేళ్ళుగా వాడి పేజీ నడుపుతున్నది నేనే. మొదట్లో నువ్వే ఏదైనా రాయరా అంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. నాకు మాటలు రావక్కా, నువ్వే రాయి అన్నాడు. సరే, మాటలు రాకపోవడాన్నే అమ్ముదామని "నేను మాట్లాడను, బంతి మాట్లాడుతుంది" అని ఒకటి పెట్టాను. అంతే, జనం మౌనిబాబా అని పేరు పెట్టేశారు. ఇప్పుడు వాడు గోల్ కొడితే చాలు, స్టేడియంలో వేలమంది పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడతారు. చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అదంతా నేను బస్సులో రాసిన ఒక్క ముక్క.

అసలు సంగతికి వస్తాను. మా పళ్ళ డాక్టర్‌గారికి ఫుట్‌బాల్ పిచ్చి. పేషెంట్ నోరు తెరిచి పెట్టి మరీ మ్యాచ్ గురించి వాదిస్తాడు, వాళ్ళు ఎలాగూ ఎదురు చెప్పలేరు కదా. ఇవాళ నన్ను రిసెప్షన్ నుంచి లోపలికి పిలిచి ఫోన్ చూపించాడు. ఎవరో కొత్త అకౌంట్. పేరు 'గోడమీద పిల్లి'. బొమ్మలో పిల్లి కూడా లేదు, తోక ఒక్కటే ఉంది. దానిలో ఇలా ఉంది: "మౌనిబాబా కుడి మోకాలి గురించి ఎవరూ అడగరేం?"

నిజమేనా అమ్మా అన్నాడు డాక్టర్. మా వాడి మోకాలు ఇనుప కమ్మీ సార్, వీళ్ళకేం పనిలేదు అన్నాను. కుర్చీలో ఉన్నాయన నోటినిండా దూదితో ఏదో అనబోయాడు, అర్థం కాలేదు.

మోకాలు వాచి పది రోజులైంది. ఆ సంగతి తెలిసినవాళ్ళం తమ్ముడు, మరదలు, మా ఆయన, క్లబ్ ఫిజియో, నేను. బయటివాళ్ళెవరికీ తెలియదు. తోకకు ఎలా తెలిసింది?


మార్చి 3, మంగళవారం, మధ్యాహ్నం

పిల్లికి మూడొందల చిల్లర ఫాలోవర్లు. నా పేరుతో ఫాలో అయితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. అందుకని నేనూ ఒక దొంగ అకౌంట్ తెరిచాను. పేరు 'పూలకుండీ'. బొమ్మ కోసం వెతుకుతుంటే మా మెట్ల మలుపులో ఉన్న కుండీయే కనబడింది, ఫోటో తీసి పెట్టేశాను. అంచు విరిగిన కుండీ. తమ్ముడు పదేళ్ళప్పుడు ఇంట్లో బంతాడి విరగ్గొట్టాడు, వాణ్ణి ఆపలేదని తన్నులు నాకు పడ్డాయి. ఇళ్ళు మారినా దాన్ని పారెయ్యలేదు.


మార్చి 5, గురువారం

పిల్లి ఇవాళ రాసింది: "మౌనిబాబా ఈ మధ్య మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని, పక్కకు తిరిగి దిగుతున్నాడు."

ట్రైనింగ్ గ్రౌండ్‌లో మెట్లు లేవు. మెట్లున్నది మా ఇంట్లో. పైన తమ్ముడూ మరదలూ, కింద మేమిద్దరం. మధ్యలో ఉన్నవి ఆ మెట్లు, ఆ గోడ, ఆ కుండీ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి సవాలక్ష పనులుంటాయి. నాకు ఇప్పుడు ఇదొక్కటే పని.

మా ఆయనకు చూపించాను. వదిలెయ్యవే, ఆ నాలుగొందల మందికి తెలిస్తే కొంపలు మునుగుతాయా అన్నాడు. ఈ మనిషి షోరూమ్ ఉద్యోగం వదిలేసి బావమరిదికి మేనేజర్‌గా కుదిరాడు. పొద్దున లేస్తే ఇరవై తొమ్మిదో తారీఖు జపమే. ఆ రోజు మ్యాచ్‌కి పెద్ద క్లబ్ నుంచి ఇద్దరు వస్తున్నారట, మనవాణ్ణి చూడటానికి. అప్పటిదాకా మోకాలు అన్న మాట గడప దాటకూడదట, ఆ తర్వాత ఎన్నాళ్ళయినా పడుకోనీ అంటాడు. ఇంత ఆత్రం ఉన్నవాడు పిల్లిని చూసి ఇంత నిమ్మళంగా ఎలా ఉన్నాడు? అదీ నా అనుమానం.


మార్చి 6, శుక్రవారం

ఫిజియో ఇంటికొచ్చాడు. నేను తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తూ విన్నాను. కనీసం ఆరు వారాల రెస్ట్ కావాలన్నాడు. ఇలాగే ఆడిస్తే ఒకరోజు గ్రౌండ్ మధ్యలో లిగమెంట్ పుటుక్కుమంటుంది, ఆ తర్వాత ఈ మనిషిని నడిపించడమే గొప్ప, ఆట మాట మర్చిపోండి అన్నాడు. నాలుగు మ్యాచ్‌లండీ, నాలుగంటే నాలుగు అన్నాడు మా ఆయన. నేను చెప్పాల్సింది చెప్పాను, మీ మాట కాదని కోచ్‌కి చెప్తే నా ఉద్యోగం పోతుంది అన్నాడు ఫిజియో. తమ్ముడు ఐస్ సంచీ మోకాలికి పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఎప్పటిలాగే ఉలకలేదు, పలకలేదు.

మరదలు మెట్ల మీద నన్ను ఆపింది. వదినా, మీరైనా చెప్పండి, ఆయన్ని ఆడించొద్దని అంది. ఆట గురించి నీకేం తెలుసమ్మా, నువ్వు చిన్నపిల్లలకు ఏబీసీడీలు చెప్పుకో అన్నాను. నర్సరీ టీచర్‌ని ఆ మాట అంటే కోపం వస్తుందని తెలుసు. తెలిసే అన్నాను.

తర్వాత వాడి పేజీలో పెట్టాను: "ట్రైనింగ్ అదిరింది. నూటికి నూరు శాతం ఫిట్."

ఫిజియో మీద గట్టి అనుమానం. రెస్ట్ కావాలన్నది అతనే. తన నోటితో చెప్పలేడు కాబట్టి పిల్లి నోటితో చెప్పిస్తున్నాడేమో.


మార్చి 8, ఆదివారం

డ్రా. తమ్ముడు చేతికందిన బంతిని, అదే, కాలికందిన బంతిని వదిలేశాడు. జనం ఒకటే తిట్లు, తిండి ఎక్కువైందని, సోమరి అని.

పిల్లి రాసింది: "అది సోమరితనం కాదు. కాలు మాట వినలేదు." వెనకేసుకొస్తున్నట్టు నటిస్తూ గుట్టు బయటపెట్టడమన్నమాట. కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటోంది. ఫాలోవర్లు నాలుగు వేలు దాటారు. అందులో ఒకడు మా డాక్టర్‌గారు.


మార్చి 9, సోమవారం, సాయంత్రం

లాభం లేదని పూలకుండీ పేరుతో పిల్లికి మెసేజ్ పెట్టాను. మగవాడిలా రాశాను. అనుమానం రాకుండా రెండు తప్పులు కూడా పెట్టాను. "అన్నా, మీ న్యూస్ కేక. క్లబ్‌లో మన మనిషెవరైనా ఉన్నారా?"

రెండు రూట్ కెనాల్స్ అయ్యాక జవాబొచ్చింది. "థాంక్స్ బ్రదర్. క్లబ్‌లో ఎవరూ లేరు."

మరి ఇవన్నీ ఎందుకు రాస్తున్నారు, ఎవరైనా రాయమన్నారా అని అడిగాను.

"ఇంట్లో చెప్తే వినేవాళ్ళు లేరు బ్రదర్. అందుకే ఇక్కడ చెప్తున్నా."

ఇంట్లో! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంట్లో అంటే ఇంకెవరు? ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారులెండి అని వారానికోసారి ముక్కు చీదేది మా మరదలే. పాపం ఫిజియో, ఊరికే అనుకున్నాను ఆ మనిషిని.


మార్చి 11, బుధవారం

మరదలి మీద నిఘా. పైకి వెళ్ళగానే ఫోన్ బోర్లా పెట్టింది. ఏంటమ్మా చూస్తున్నావు అంటే ఏం లేదు వదినా అంది. ఆవిడ నీళ్ళు తేవడానికి లోపలికెళ్ళినప్పుడు తిప్పి చూశాను. సీరియల్. అత్తగారు కోడలి మీద అరుస్తోంది. అయినా నమ్మను, సీరియల్ వెనక ఏమైనా నడపొచ్చు.


మార్చి 12, గురువారం

ఓపిక నశించింది. తమ్ముడి పేజీలో పెట్టేశాను. "నా మోకాలి మీద కథలల్లే పిల్లి ఒకటి తిరుగుతోంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను నేనేమీ అనను. నా అభిమానులే చూసుకుంటారు."

అభిమానులు నిజంగానే చూసుకున్నారు. అమ్మో, ఏం తిట్లు! ఒకడు తోక కోస్తానన్నాడు. ఒకడు నీకే మోకాళ్ళు విరగ్గొడతాం అన్నాడు. నీ బతుకంతా అసూయేరా అని ఒకామె. పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది, నేను మాత్రం ఒక్కటీ వదలకుండా చదివాను. కడుపు నిండిపోయింది.

రాత్రి భోజనానికి నలుగురం కూర్చున్నాం. తమ్ముడు ఫోన్ చూసుకుంటూ సగంలో లేచిపోయాడు. ఏరా, కంచంలో అలా వదిలేశావేం అంటే ఆకలి లేదక్కా అన్నాడు. మరదలు నా వైపు ఒక చూపు చూసింది. తేలు కుట్టిన దొంగ చూపు అనుకున్నాను.


మార్చి 13, శుక్రవారం

పిల్లి ఇవాళ ఏమీ రాయలేదు. భయపడింది. మంచిదే.


మార్చి 16, సోమవారం

నిన్న ఓడిపోయాం. మధ్యలోనే తమ్ముణ్ణి బయటికి పిలిచారు. అది మా వ్యూహం అన్నాడు కోచ్ టీవీలో.

ఇవాళ పిల్లి మళ్ళీ గోడెక్కింది. "కోచ్ పిలవలేదు. మౌనిబాబాయే ఇక నావల్ల కాదని సైగ చేశాడు. ఎవరూ చూడలేదు."

రీప్లే పదిసార్లు చూశాను. నిజమే. తెర మూలన, అందరూ బంతి వైపు చూస్తున్నప్పుడు, తమ్ముడి చెయ్యి నడుము దగ్గర ఇంతే ఇంత కదిలింది. మరదలు స్టేడియానికే రాలేదు. టీవీ కూడా పెట్టలేదు, స్కూల్ పిల్లలకు కాగితపు సీతాకోకచిలుకలు కత్తిరిస్తూ కూర్చుంది. మరి ఫిజియోనా? అతను బెంచీ మీద ఉన్నాడు. కానీ అతనికి ఇంట్లో వినేవాళ్ళు లేకపోవడమేంటి, పెళ్ళే కాలేదు. మా ఆయనా? ఆయన బెంచీ వెనక వరసలో ఉన్నాడు. ఇంట్లో నా మాట వినరు అని ఆయనా అంటూనే ఉంటాడు, అదీ నా గురించే.

పోనీ డాక్టర్‌గారా? ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నేను పొరపాటున ఏమైనా వాగానా? నిద్ర పట్టేలా లేదు.


మార్చి 18, బుధవారం

ఇవాళ వల పన్నాను. ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పాను. ఏ అబద్ధం పిల్లి నోట్లోంచి వస్తే ఆ మనిషే దొంగ.

ఫిజియోకి ఫోన్ చేసి, వాడికి రాత్రి నుంచి జ్వరంగా ఉందండీ, వాడితో మాత్రం నేను చెప్పానని అనకండి అన్నాను.

మరదలితో, మీ ఆయనకు చూపు మందగించినట్టుంది, బంతి రెండుగా కనిపిస్తోందట, కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను అన్నాను.

మా ఆయనతో, వాడికి తొమ్మిదో నంబరు జెర్సీ మీద విరక్తి పుట్టింది, వేరే నంబరు కావాలట అన్నాను. ఆయన ముద్ద గొంతులో ఇరుక్కుంది. పెద్ద క్లబ్‌వాళ్ళకు తొమ్మిదే కావాలే అని తల పట్టుకున్నాడు.

డాక్టర్‌గారితో, మా వాడికి జ్ఞానదంతం సలుపుతోంది సార్ అన్నాను. మూడేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాను అమ్మా ఆ నోరు తెరిపించడానికి అని ఆయన సంబరపడిపోయాడు.

నా తెలివికి నాకే ముచ్చటేసింది.


మార్చి 19, గురువారం

పిల్లి ఏమీ రాయలేదు. క్లినిక్‌లో బిల్లు ఒకరిది ఒకరికి ఇచ్చాను.


మార్చి 20, శుక్రవారం, పొద్దున

"మౌనిబాబాకు ఒక్క రోజులో జ్వరం వచ్చింది, చూపు పోయింది, పన్ను సలిపింది, తొమ్మిదో నంబరు మీద విరక్తి కలిగింది. మోకాలు ఒక్కటే బ్రహ్మాండంగా ఉందట."

రెండు వేలమంది నవ్వారు కింద.

నాలుగూ! ఒకటి కాదు రెండు కాదు, నాలుగూ. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పినవి. అంటే నలుగురూ ఒకటే. నన్ను వదిలేసి ఎక్కడో గ్రూప్ పెట్టుకున్నారు. మా ఆయన, మరదలు, ఫిజియో, చివరికి పళ్ళ డాక్టర్! నాకు జీతమిచ్చే మనిషి! పొద్దున్నే నవ్వుతూ గుడ్ మార్నింగ్ అన్నాడు, ఆ నవ్వు ఇప్పుడు అర్థమైంది.


మార్చి 22, ఆదివారం

గెలిచాం. బ్రేక్‌లో తమ్ముడి మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చారు. మా ఆయన ఇప్పించాడు, కోచ్ సరేనన్నాడు, ఫిజియో మొహం తిప్పుకున్నాడు. ఇరవై నిమిషాల తర్వాత తమ్ముడు ఎలాంటి గోల్ కొట్టాడంటే, పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిణ్ణి వాటేసుకున్నాను. స్టేడియమంతా పెదవుల మీద వేళ్ళు. వచ్చే ఆదివారం పెద్ద క్లబ్‌వాళ్ళ ముందు ఇలాంటిది ఒక్కటి పడితే చాలు.

వాడి పేజీలో రాశాను: "నన్ను నమ్మినవాళ్ళకి ఈ గోల్."

పిల్లి రాసింది: "ఈ గోల్ కొట్టింది సూది."

ఇంటికొచ్చాక తమ్ముడు మెట్లు ఎక్కడం విన్నాను. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. మలుపు దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. నేను లేచి వెళ్ళలేదు. టీవీలో గోల్ మళ్ళీ చూపిస్తున్నారు.


మార్చి 24, మంగళవారం

మా ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ వెతికాను. పిల్లీ లేదు, గ్రూపూ లేదు. ఆయన తువ్వాలుతోనే వచ్చి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో నన్ను అనుమానించడం ఇదే మొదటిసారా అన్నాడు. కాదు, దొరకడం ఇదే మొదటిసారి అన్నాను. అప్పటినుంచి మాటల్లేవు.


మార్చి 27, శుక్రవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

సాయంత్రం మరదలు స్కూల్ నుంచి రాగానే మెట్ల మీదే నిలదీశాను. పిల్లివి నువ్వే కదా అన్నాను. మీ అందరికీ కలిపి నేనొక్కదాన్నే పిచ్చిదాన్నా అన్నాను. మొగుడి పొట్ట కొట్టే పెళ్ళాన్ని నిన్నే చూశాను అని కూడా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి ఇక్కడ కూడా ఉండనీ.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సంచీ కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. మీరు నన్ను అనుమానిస్తున్నారని నాకు తెలుసు వదినా, నా ఫోన్ తిప్పి చూశారని కూడా తెలుసు అంది. ఆ చూపు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మీ తమ్ముణ్ణే అడిగాను అంది. మీ కళ్ళకేమైందండీ, నాతో ఒక్క మాట చెప్పలేదే అని అడిగిందట. వాడు నవ్వాడట. అప్పటికే ఫిజియో ఫోన్ చేసి జ్వరం తగ్గిందా అన్నాడట. అన్నయ్యగారు వచ్చి తొమ్మిదో నంబరుకేం రోగం అని గొడవ పెట్టారట. పళ్ళ డాక్టర్ పదిసార్లు ఫోన్ చేసి, కుర్చీ ఖాళీ పెట్టాను రమ్మన్నాడట.

నా ఒంట్లో ఏముందో ఇంతమందికి తెలుసు, మోకాలి సంగతి నన్ను అడిగేవాళ్ళు మాత్రం లేరు అని వాడు కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడట. ఆ నీళ్ళు నవ్వువి కావు వదినా అంది మరదలు. సంచీ తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

నేను అక్కడే, కుండీ పక్కన, కూలబడ్డాను.

నాలుగు అబద్ధాలు నలుగురికి చెప్పాను. నలుగురూ వెళ్ళి ఒక్కడి దగ్గరే అడిగారు. అడగరా మరి? ఎవరి ఒంటి సంగతి వాళ్ళనే అడుగుతారు, మనుషులన్నాక. అడగనిది నేనొక్కదాన్నే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

మెట్లు దిగే సంగతి, నడుము దగ్గర చెయ్యి ఊపిన సంగతి, కాలు మాట వినని సంగతి. ఇంకెవరికి తెలుస్తాయి అవి? ఇంట్లో చెప్తే వినేవాళ్ళు లేరు బ్రదర్. వాడి పేరుతో వాడి మీదకే జనాన్ని ఉసిగొల్పాను. మోకాళ్ళు విరగ్గొడతాం అన్న ముక్కను టీ పక్కన పెట్టుకుని కడుపునిండా చదివాను. అదే ముక్కను వాడు కంచం ముందు కూర్చుని చదివాడు.


మార్చి 28, శనివారం, మధ్యాహ్నం

క్లినిక్‌కి సెలవు పెట్టాను. అయినా నమ్మబుద్ధి కావట్లేదు. ఆ మాటలు రాని వెధవకి 'ఈ గోల్ కొట్టింది సూది' అని రాయడం వచ్చా? నాకన్నా బాగా రాశాడు.

మా ఆయన ఇస్త్రీ షర్టు వేసుకుని రేపటి ఏర్పాట్లకు వెళ్ళాడు. పైన తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. కింద నేను ఒక్కదాన్నే ఉన్నాను. మెట్లెక్కి వెళ్ళి అడగొచ్చు. కాళ్ళు రాలేదు. ఫోన్ తీసి పూలకుండీ పేరుతో పిల్లికి రాశాను.

"మోకాలు ఎలా ఉంది?"

మౌనిబాబా మోకాలు అని రాయలేదు. పంపాక పైన కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత చప్పుడు లేదు. ఇక రాదులే అనుకుంటుండగా వచ్చింది.

"నొప్పిగా ఉందక్కా."

ఇన్నాళ్ళూ బ్రదర్‌ని. నేనని నీకెప్పుడు తెలిసిందిరా అని రాశాను.

"మొదటి రోజే. ఆ కుండీ అంచు పగలగొట్టింది నేనే కదా."

అంటే ఇంట్లో వినేవాళ్ళు లేరన్న మాట వాడు నాకు తెలిసే, నాతోనే చెప్పాడు. నేను దాన్ని పట్టుకుని మరదలి వెంటపడ్డాను. మరి నోటితో నాతో చెప్పొచ్చు కదరా, ఒక్క అంతస్తు కిందే ఉన్నాను కదా అని రాశాను. కోపంతోనే రాశాను, ఏడుస్తూనే.

"చెప్పబోయా అక్కా. నువ్వు అప్పటికే నూటికి నూరు శాతం ఫిట్ అని పెట్టేశావు. నేను చెప్తే ఎవరూ నమ్మరు. నువ్వు రాస్తేనే నేను చెప్పినట్టు. రేపు ఆడితే పోతుందక్కా, తెలుస్తోంది నాకు. బావకు చెప్పాలంటే భయం."

ఇంత పొడుగు మాట వాడి దగ్గర్నుంచి విని ఎన్నేళ్ళయిందో. విననూ లేదు, చదివాను.


మార్చి 29, ఆదివారం, ఉదయం

తెల్లారగానే వాడి తరఫున పోస్ట్ రాసుకుని పైకి వెళ్ళాను. బాగా వచ్చింది. గాయపడిన సైనికుడు, విశ్రాంతి, తిరిగివస్తా, అన్నీ ఉన్నాయి. ఫోన్ వాడి చేతికిచ్చాను. చదివాడు. మొత్తం చెరిపేశాడు. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"మోకాలు నొప్పి. నెల నుంచి ఉంది. ఇవాల ఆడలేను. సారీ."

తప్పు సరిచేద్దామని నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. వాడు ఫోన్ పక్కకు జరుపుకున్నాడు. నొక్కేశాడు.

సాయంత్రం

ఇల్లు పీకి పందిరేశాడు మా ఆయన. మీ అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నా నోట్లో మట్టి కొట్టారు అన్నాడు. షోరూమ్ వదిలింది మీకోసం కాదా అన్నాడు. నిజమే, పాపం. పెద్ద క్లబ్‌వాళ్ళు దారిలోంచే వెనక్కి తిరిగారు. మళ్ళీ ఫోన్ చేస్తామన్నారట. చేస్తారని నేననుకోను. తమ్ముడు లేకుండా మావాళ్ళు రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు, ఆ తిట్లూ వాడికే.

మరదలు కిందికొచ్చి నాకు టీ పెట్టిచ్చింది. నేనన్న మాట నేనే ఎత్తాను. ఇప్పుడు కాదు వదినా, ఇంకా కోపం తగ్గలేదు అంది.


మార్చి 31, మంగళవారం

స్కాన్ చేయించారు. లిగమెంట్ తెగలేదు. వెంట్రుకవాసిలో తప్పిందన్నాడు ఫిజియో, ఇంకో మ్యాచ్ ఆడుంటే అని ఆగిపోయాడు. మా ఆయన ఆ మాట విని బయటికెళ్ళి నిలబడ్డాడు. లోపలికొచ్చాక వాడి ఐస్ సంచీ ఆయనే మార్చాడు. నాతో మాత్రం ఇంకా మాటల్లేవు.

పిల్లి అకౌంట్ వెతికితే లేదు. అది పోయిందని డాక్టర్‌గారు ఒకటే బాధ. ఎవరై ఉంటారమ్మా అన్నాడు. నాకేం తెలుసు సార్ అన్నాను. ఈయన ఇంత అడుగుతున్నాడేంటా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. పాత అలవాటు.


ఏప్రిల్ 5, ఆదివారం

మధ్యాహ్నం తమ్ముడు పక్కకు తిరిగి మెట్లు దిగి వచ్చాడు. నా ఎదురుగా కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. దీపాలు పెట్టే వేళైంది, ఇంకా మాట్లాడుతున్నాడు. నేను పెదవుల మీద వేలు పెట్టుకుని వింటున్నాను.